బండి నిలిచి ఉన్న గంటలకు లెక్క ఎక్కడ? – బొగ్గింజను కాలపు జి.టి. సిబ్బంది పని జీవితం

డోర్నకల్ జంక్షన్ (చర్చ ప్రారంభించినవారు):

ఈ వేదికలో ఇంజన్ల తరగతుల గురించి, పాత టైమ్‌టేబుళ్ల గురించి పేజీలకు పేజీలు చర్చించుకున్నాం గాని, ఆ బండ్లను నడిపిన మనుషుల దినచర్య మీద ఒక్క చర్చ కూడా చివరిదాకా సాగలేదు. అందుకే విడిగా ఇది మొదలుపెడుతున్నాను. మనందరికీ తెలిసిన గ్రాండ్ ట్రంక్ (జి.టి.) ఎక్స్‌ప్రెస్‌నే తీసుకుందాం. 1929లో మొదలైనప్పుడు ఈ బండి పెషావర్‌కూ మంగుళూరుకూ మధ్య నడిచేది. కాజీపేట–బల్హార్షా మార్గం పూర్తయి మద్రాసు నుంచి ఢిల్లీకి నేరుగా దారి ఏర్పడింది కూడా ఆ కాలంలోనే. మద్రాసు నుంచి బెజవాడ దాకా మద్రాస్ అండ్ సదరన్ మరాఠా కంపెనీ, అక్కడి నుంచి బల్హార్షా దాకా నిజాం రైల్వే, ఆపైన గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే, ఇలా ఒకే బండి మూడు సంస్థల పట్టాల మీద పరుగెత్తేది.

ప్రయాణికుడు ఎక్కిన పెట్టెలోనే కూర్చుని ఢిల్లీ చేరేవాడు గాని, ఆ పెట్టెను లాగిన మనుషులు దారిపొడవునా మారుతూ వచ్చేవారు. నా సందేహం ఒక్కటే. వారి పని ఎప్పుడు మొదలైనట్టు, ఎప్పుడు ముగిసినట్టు లెక్క? చక్రం తిరిగిన సమయమే పనా, లేక ఇల్లు వదిలినది మొదలు తిరిగి ఇల్లు చేరేదాకానా? ఇళ్లల్లో రైల్వే వాళ్లున్న సభ్యులు వివరంగా రాస్తే బాగుంటుంది.

బిట్రగుంట కాలనీ:

మా నాన్నగారు మెయిలు బండ్ల డ్రైవరుగా పదవీ విరమణ చేశారు కనుక నేను చూసినదీ ఆయన నోట విన్నదీ రాస్తాను. మద్రాసు నుంచి ఉత్తరానికి వచ్చే దారి ఇంజను సిబ్బంది లెక్కలో సుమారు రెండేసి వందల కిలోమీటర్ల ముక్కలుగా ఉండేది. మద్రాసు–బిట్రగుంట ఒకటి, బిట్రగుంట–బెజవాడ ఒకటి, బెజవాడ–కాజీపేట ఒకటి, కాజీపేట–బల్హార్షా ఒకటి. ఇంజనుకు నీళ్లు పట్టడం, బొగ్గు నింపడం, పొయ్యిలో పేరుకున్న చిట్టెం తీయడం అనే మూడు అవసరాలే ఈ ముక్కల పొడవును నిర్ణయించాయి. నెల్లూరు దాటగానే వచ్చే మా బిట్రగుంట రైల్వే ఊరుగా ఎదిగిందంటే కారణం ఆ షెడ్డే.

పని మొదలయ్యేది షెడ్డులో కాదు, మా ఇంటి గుమ్మం ముందు. రాత్రి ఏ వేళనైనా కాల్ బాయ్ సైకిలు దిగి తలుపు కొట్టేవాడు. కాల్ బుక్కులో నాన్నగారి సంతకం పడేదాకా అక్కడి నుంచి కదిలేవాడు కాడు. ఆ సంతకం పడ్డాక ఇంట్లో పిల్లవాడికి జ్వరమన్నా, బయట తుపాను గాలి వీస్తున్నా వెళ్లి తీరవలసిందే. అమ్మ లేచి కుంపటి రాజేసి క్యారియరు సర్దేలోపు ఆయన నీలిరంగు బట్టలు వేసుకొని సిద్ధమయ్యేవారు.

షెడ్డుకు వెళ్లాక కూడా వెంటనే బండి దగ్గరకు వెళ్లేది లేదు. ఫైర్‌మన్లు పొయ్యిని సిద్ధం చేసి ఆవిరి పెంచుతుండగా, డ్రైవరు నూనె డబ్బా, సుత్తి పట్టుకొని ఇంజను చుట్టూ తిరిగి, చక్రాల మధ్య వంగి, నట్లు తట్టి చూసి, యాక్సిల్ పెట్టెల్లో నూనె వత్తులు సరిగా ఉన్నాయో లేదో తడిమి చూసుకొనేవాడు. ఇసుక పెట్టెలు, నీటిమట్టం చూపే గాజుగొట్టాలు, బాయిలరులోకి నీళ్లు ఎక్కించే ఇంజెక్టర్లు, వాక్యూమ్ బ్రేకు అన్నీ పరీక్షించాకే ఇంజను షెడ్డు గేటు దాటేది. ఇదంతా అయ్యేసరికి ప్రయాణికుడు ఇంకా ఇంట్లో పరుపుచుట్ట కట్టుకుంటూ ఉండేవాడు.

అవతలి ఊరు చేరాకా అంతే. బండిని వేరొకరికి అప్పగించి, ఇంజనును షెడ్డుకు తీసుకెళ్లి, లోపాలన్నీ రిపేరు పుస్తకంలో రాసి, సంతకం చేసి, అప్పుడు రన్నింగ్ రూముకు, అంటే సిబ్బంది విశ్రాంతి గదికి, వెళ్లాలి. అక్కడ ఇంకెవరో నిద్ర లేచి వదిలిన మంచం, వంటవాడు వండిపెట్టిన అన్నం. తిరుగు బండి ఆలస్యమైతే ఆ మంచం మీదే మరో పూట గడిచేది. మైలేజి పేరుతో వచ్చే భత్యం మాత్రం బండి పరుగెత్తిన దూరానికే.

కొత్త ప్రయాణికుడు:

చాలా బాగా రాశారు. ఒక చిన్న సందేహం. ఇంజనులో ఇద్దరు ఫైర్‌మన్లు ఎందుకు? ఒకరు బొగ్గు వేస్తే చాలదా?

బొగ్గుపార:

కొత్త ప్రయాణికుడు గారికి సమాధానం. నేను క్లీనరుగా (షెడ్డులో ఇంజన్లు తుడిచేవాడిగా) చేరి, రెండో ఫైర్‌మన్, మొదటి ఫైర్‌మన్, షంటరు (యార్డులో ఇంజను నడిపేవాడు) మెట్లు ఎక్కి, గూడ్సు డ్రైవరు అయ్యేనాటికి ఆవిరి ఇంజన్లు మాయమవుతున్నాయి. మా ముందు తరంలో ఈ మెట్లన్నీ ఎక్కి మెయిలు బండి రెగ్యులేటరు (ఆవిరిని వదిలే పిడి) పట్టుకొనేసరికి జుట్టు నెరిసిపోయేది. కంపెనీల కాలంలోనైతే ఆ చివరి మెట్టు చాలాకాలం యూరోపియన్లకూ, ఆంగ్లో ఇండియన్లకూ కేటాయించినట్టే ఉండేది. మనవాళ్లు పార దగ్గరే ఆగిపోయేవారు. రన్నింగ్ రూములు కూడా వాళ్లకు వేరు, మనకు వేరు.

ఇక పని సంగతి. ఎక్స్‌ప్రెస్ బండ్లను లాగే డబ్ల్యు.పి. తరగతి ఆవిరి ఇంజను పొయ్యి అడుగు వైశాల్యం 46 చదరపు అడుగులు. అంటే చిన్న గదంత. అంత పొయ్యికి బొగ్గు పారతోనే వేయాలి. బాయిలరు పీడనం చదరపు అంగుళానికి 210 పౌన్ల దగ్గర నిలబడాలంటే మంట ఎక్కడా గుంట పడకూడదు, ఎక్కడా గుట్ట కాకూడదు. మొదటి ఫైర్‌మన్ పొయ్యి తలుపు తెరుచుకున్న ఆ రెండు క్షణాల్లో మంట రంగు చూసి, ఎక్కడ పలచబడిందో గుర్తించి, పార అంచును కాస్త తిప్పి ఆ మూలకే బొగ్గు పడేటట్టు విసిరేవాడు. ముందు మూలలకు విసరడం అసలైన విద్య, అది మణికట్టులో ఉంటుంది, భుజంలో కాదు. ఒక్కసారిగా గుట్టగా వేస్తే నల్లటి పొగ వచ్చి ఆవిరి పడిపోతుంది. కొద్దికొద్దిగా, మాటిమాటికీ వేయాలి. రెండో ఫైర్‌మన్ ఆ సమయంలో టెండరులోకి, అంటే ఇంజను వెనక బొగ్గూ నీళ్లూ ఉండే పెట్టెలోకి, దిగి వెనకనున్న బొగ్గును ముందుకు లాగి, పెద్ద గడ్డలను సుత్తితో పగలగొట్టి, నీళ్లు చల్లి అందించాలి. ఇద్దరూ పారలు మార్చుకుంటూ పోతేనే రెండు వందల కిలోమీటర్లు సాగేది.

బొగ్గు సంగతి చెప్పకుండా ఇది పూర్తికాదు. మా వైపు సింగరేణి బొగ్గు వచ్చేది. 1871లో కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లెందు ప్రాంతంలో బొగ్గును గుర్తించడం, 1889లో తవ్వకం మొదలుకావడం, డోర్నకల్ నుంచి దాని కోసమే రైలుదారి వేయడం ఈ వేదికలో అందరికీ తెలిసినవే. అది దగ్గరి బొగ్గు, అందుకని చవక. కాని బూడిద ఎక్కువ. ఆ బూడిద కరిగి కడ్డీల మీద అట్టలాగా అతుక్కుంటే గాలి ఆడదు, మంట చస్తుంది. అప్పుడు మనిషికంటే పొడవైన ఇనుప కొక్కెం లోపలికి దూర్చి ఆ చిట్టెం పెళ్లగించాలి. నడుస్తున్న ఇంజనులో, ఎండాకాలం మధ్యాహ్నం, మంచిర్యాల దాటాక ఆ పని చేసినవాడికి వేరే నరకం వర్ణించి చెప్పనవసరం లేదు. కొక్కెం బయటికి తీసేటప్పుడు దాని కొస ఎర్రగా కాలి ఉంటుంది. ఇరుకు క్యాబులో దాన్ని ఎవరికీ తగలకుండా తిప్పి టెండరు మీద పెట్టాలి.

భోజనం గురించి కూడా ఒక మాట. క్యారియరును పొయ్యి తలుపు పైనున్న అరుగు మీద పెడితే అన్నం వేడిగా ఉండేది. తినే సమయం మాత్రం ఎదురు బండికి దారి ఇవ్వడానికి మమ్మల్ని లూపులో, అంటే పక్క లైనులో, పెట్టినప్పుడే దొరికేది. ఎదురు బండి త్వరగా వచ్చేస్తే మజ్జిగన్నం దాకా వెళ్లకుండానే విజిలు వేయాల్సి వచ్చేది.

పాత గార్డు:

ఇంజను వాళ్ల కష్టం ముందు మా పని తెల్లబట్టల పనిగా కనబడుతుంది. నిజానికి దాని బరువు వేరు. గార్డు ఎక్కడికి వెళ్లినా వెంట లైన్ బాక్స్ అనే పెద్ద ఇనుప పెట్టె వెళ్లేది. అందులో చేతి దీపం, ఎర్రజెండా, పచ్చజెండా, రూల్సు పుస్తకాలు, వర్కింగ్ టైమ్‌టేబుల్, చక్రం ఎక్కగానే పేలి డ్రైవరును హెచ్చరించేలా పట్టాల మీద పెట్టే పేలుడు బిళ్లలు ఉండేవి. సొంత బట్టలు, ఉప్పూ పప్పూ కూడా అందులోనే. బాక్స్ పోర్టరు దాన్ని తలకెత్తుకొని బ్రేకుపెట్టెలో వేసేవాడు. ఆ పెట్టె మీద పేరు రాయించుకోవడం చేరిన కొత్తలో అందరికీ ముచ్చట.

దారిలో బండి ఆగిపోయిందంటే ప్రయాణికులు దిగి చెట్టునీడ చూసుకుంటారు. గార్డు వెనక్కి నడవాలి. బ్రాడ్‌గేజి మీద 600 మీటర్ల దగ్గర ఒక బిళ్ల, 1,200 మీటర్ల దగ్గర పదేసి మీటర్ల ఎడంతో మూడు బిళ్లలు పట్టాలకు బిగించి, వెనక వచ్చే బండికి జెండా గాని దీపం గాని చూపుతూ నిలబడాలి. ఆసిఫాబాద్ అడవిలో అమావాస్య రాత్రి చేతిదీపంతో ఒంటరిగా ఆ దూరం నడిచినవారికి ప్రతి చప్పుడూ వినబడుతుంది. ఆలస్యం ఎన్ని నిమిషాలో, ఎందుకో జర్నల్లో రాయవలసినది కూడా మేమే. ఆ రాతతో డ్రైవరుకూ గార్డుకూ మధ్య జరిగిన వాదనలకు లెక్కలేదు. నీళ్లు పట్టడానికి ఎక్కువసేపు పట్టిందని రాస్తే డ్రైవరుకు కోపం, స్టేషనులో ఆలస్యమని రాస్తే స్టేషను మాస్టరుకు కోపం.

ఒంటి లైను రోజుల్లో ఇంకొక సంగతి. ముందున్న సెక్షను ఖాళీగా ఉందనడానికి గుర్తుగా ఇనుప బంతి టోకెను ఇచ్చేవారు. ఆగని బండి అయితే పాయింట్స్‌మన్ దాన్ని పేము చట్రానికి తగిలించి ఎత్తి పట్టుకుంటే, ఫైర్‌మన్ పరుగులో చేయి చాపి చట్రాన్ని భుజానికి తగిలించుకొనేవాడు. ఎక్స్‌ప్రెస్ బండి ఫైర్‌మన్ల ముంజేతుల మీద కమిలిన మచ్చలుండటం మామూలే.

ఆర్.ఎం.ఎస్. మనవరాలు:

సిబ్బంది అనగానే రైల్వే జీతగాళ్లే గుర్తుకొస్తున్నారు. మా తాతగారు తపాలా శాఖ జీతం తీసుకుంటూ జీవితమంతా రైలుపెట్టెలో నిలబడ్డారు. ఆర్.ఎం.ఎస్. (రైల్వే మెయిల్ సర్వీస్) పెట్టెలో గోడ పొడవునా చిన్నచిన్న గూళ్లుండేవి. ఊగే బండిలో నిలబడి, తెలుగు, తమిళం, ఉర్దూ, ఇంగ్లీషు చిరునామాలు మసక దీపం కింద చదివి, ఉత్తరాన్ని దాని గూటిలోకి విసరాలి. వచ్చే స్టేషనుకు చేరవలసిన సంచి బండి ఆగకముందే కట్టి, లక్క కరిగించి ముద్ర వేసి సిద్ధంగా ఉంచాలి. బండి ఆగేది కొద్ది నిమిషాలే కదా. ఆ నిమిషాల్లోనే లేట్ ఫీ ఉత్తరాలతో, అంటే ఆలస్యానికి అదనపు రుసుము కట్టిన ఉత్తరాలతో, జనం పెట్టె దగ్గరకు పరుగెత్తుకొచ్చేవారట. విశ్రాంతి సమయంలోనూ ఆయన వేళ్లు గాలిలో ఏవో గూళ్లు వెతుకుతున్నట్టు కదిలేవని నానమ్మ నవ్వేది.

షెడ్డు అభిమాని:

అందరి అనుభవాలూ విలువైనవే గాని, చర్చ మొత్తం కష్టాల జాబితాగా మారిపోతున్నదేమోననిపిస్తోంది. తుపాకి గుండులాంటి ముక్కుతో వచ్చిన డబ్ల్యు.పి. ఇంజనుల్లో మొదటివి 1947లో అమెరికాలోని బాల్డ్‌విన్ కర్మాగారం నుంచి దిగాయి. మొత్తం 755 తయారయ్యాయి, గంటకు 110 కిలోమీటర్ల దాకా వెళ్లగలవి. చాలా షెడ్లలో ఒక్కో ఇంజనును ఫలానా సిబ్బందికే కేటాయించేవారు. వాళ్లు సొంత డబ్బుతో ఇత్తడి పట్టీలు, నక్షత్రాలు బిగించి, పండుగకు పసుపూ కుంకుమా పెట్టి చూసుకొనేవారు. ఆ గర్వం, ఆ మమకారం ఈనాటి ఉద్యోగాల్లో ఉందా? వారిని బాధితులుగా మాత్రమే చూపడం వారికే అన్యాయం.

బిట్రగుంట కాలనీ:

షెడ్డు అభిమాని గారూ, ఆ ఇత్తడి నక్షత్రాన్ని మా ఇంట్లో చింతపండుతో తోమింది నేనే కాబట్టి ఆ గర్వం నాకు తెలుసు. కాని మమకారంతో చేసిన పని కూడా పనే. ఇంజనును సొంతబిడ్డలా చూసుకున్న మనిషికి, దాన్ని తుడిచిన గంటకు కూలి రాకపోతే అది మమకారానికి బహుమానం అవుతుందా? నాన్నగారు తన ఇంజనును చివరిదాకా పొగిడేవారు, కాల్ బుక్కును చివరిదాకా తిట్టేవారు. రెండూ ఒకే మనిషి మాటలే.

చట్టం చదివినవాడు:

మొదటి ప్రశ్నకు, అంటే లెక్క సంగతికి వస్తాను. 1919 నాటి వాషింగ్టన్ అంతర్జాతీయ ఒప్పందం భారతదేశానికి వారానికి 60 గంటల పరిమితిని సూచించింది. రైల్వే ఉద్యోగుల పనిగంటల నిబంధనలు 1931లో వచ్చాయి. తరువాత న్యాయమూర్తి రాజాధ్యక్ష 1947లో ఇచ్చిన తీర్పు ఉద్యోగులను పని తీవ్రతను బట్టి తరగతులుగా విడదీసింది. ఎడతెగని పని చేసేవారికి వారానికి 54 గంటలు, అతి తీవ్రమైన పనికి 45, మధ్యమధ్య ఖాళీ దొరికే పనికి 75. పనికి ముందు చేసే సన్నాహాన్ని, తరువాత చేసే ముగింపు పనులను ఎలా లెక్కించాలనే విషయాన్నీ ఆ వ్యవస్థ గుర్తించింది. 1969లో నియమితమైన మియాభాయ్ ట్రైబ్యునల్ ఇవే చిక్కులను మళ్లీ విచారించింది.

ఇక్కడొక మెలిక ఉంది. వారానికి ఇన్ని గంటలన్న పరిమితిని సగటున పాటించినా, ఒకే విడతలో మనిషిని ఎంతసేపు ఇంజను మీద ఉంచవచ్చన్నది వేరే ప్రశ్న. గూడ్సు బండ్ల వాళ్లు లూపుల్లో పడిగాపులు కాస్తూ పద్నాలుగు, పదహారు గంటలు కూడా ఇంజను మీదే గడిపేవారు. అందుకే ఇంజను సిబ్బంది ఉద్యమం సంతకం నుంచి సంతకం దాకా, అంటే సైన్ ఆన్ నుంచి సైన్ ఆఫ్ దాకా, మొత్తాన్నీ పనిగా లెక్కించమని కోరింది. 1973లో వారి సమ్మెల తరువాత ప్రభుత్వం 10 గంటల పరిమితికి ఒప్పుకుంది. ఆ మాట అమలు కాలేదన్న అసంతృప్తి కూడా 1974 మే 8న మొదలైన దేశవ్యాప్త రైల్వే సమ్మెలో కలిసింది. ఎనిమిది గంటల పనిదినం అందులో ముఖ్యమైన కోరిక. నాయకుడు జార్జి ఫెర్నాండెజ్‌ను మే 2ననే అరెస్టు చేశారు. సమ్మె మే 27న విరమణ అయింది.

బొగ్గుపార:

ఆ ఇరవై రోజులూ కాలనీల్లో ఉన్నవాళ్లకు మరిచిపోవడం కుదరదు. అరెస్టులకు భయపడి మగవాళ్లు పొలాల్లో, బంధువుల ఊళ్లలో తలదాచుకుంటే, క్వార్టర్లు ఖాళీ చేయమన్న నోటీసులను ఆడవాళ్లే అందుకున్నారు. ఉద్యోగాలు పోయినవారిలో చాలామంది 1977లో ప్రభుత్వం మారాక తిరిగి చేరారు. మా షెడ్డులో నాకు పార పట్టడం నేర్పిన పెద్దాయన కూడా అలా తిరిగి వచ్చినవాడే. తిరిగి వచ్చిన రోజున ఏమీ మాట్లాడకుండా, పొయ్యి తలుపు తెరిచి, నేను వేసిన మంట బాగాలేదని తిట్టాడు.

షికాగో తెలుగు:

ఈ లెక్క గొడవ మనకే పరిమితం కాదు. నేనుండే ఊరిలోనే పుల్‌మన్ అనే పేట ఉంది. 1867లో ఏర్పడిన పుల్‌మన్ కంపెనీ నిద్రబోగీలను తయారుచేసి, అందులో పనిచేసే పోర్టర్లతో సహా రైల్వేలకు నడిపి ఇచ్చేది. బానిసత్వం నుంచి విడుదలైన నల్లజాతివారిని, తరువాత వారి పిల్లలను ఆ పనిలోకి తీసుకున్నారు. ప్రయాణికులు వారిని అసలు పేర్లతో కాక, యజమాని జార్జి పుల్‌మన్ పేరు మీదుగా అందరినీ "జార్జి" అని పిలిచేవారు. నెలకు 400 గంటలు గాని 11,000 మైళ్లు గాని నిండితేనే పూర్తి జీతం. బండి బయలుదేరకముందు పక్కలు పరచడం, ప్రయాణికులను ఎక్కించుకోవడం వంటి పనులు ఆ లెక్కలోకి వచ్చేవి కావు. బూట్లకు పూసే పాలిషు కూడా సొంత డబ్బుతో కొనుక్కోవలసి వచ్చేది. బతుకు ప్రయాణికులిచ్చే టిప్పుల మీద సాగేది.

1925 ఆగస్టు 25న న్యూయార్కులో ఎ. ఫిలిప్ రాండాల్ఫ్ నాయకత్వంలో వారి సంఘం పుట్టింది. కంపెనీతో ఒప్పందం మీద సంతకాలు పడింది సరిగ్గా పన్నెండేళ్ల తరువాత, 1937 ఆగస్టు 25న. దాంతో నెల పని 240 గంటలకు తగ్గింది. బిట్రగుంట కాలనీ గారు రాసిన షెడ్డు గంటలకూ, వీరి పక్కలు పరిచిన గంటలకూ పోలిక కనబడి ఇది రాశాను.

కొత్త ప్రయాణికుడు:

అడగాలో వద్దో తెలియడం లేదు. ఇన్ని గంటలు ఇంజనులో ఉన్నవారు కాలకృత్యాలకు ఏం చేసేవారు?

పాత గార్డు:

అడగవలసిన ప్రశ్నే. ఇంజనులో ఏ ఏర్పాటూ ఉండేది కాదు. బండి ఆగినప్పుడు పట్టాల పక్కన, లేకపోతే ఓర్చుకోవడం. మా బ్రేకుపెట్టెలోనూ చాలాచోట్ల అంతే. 1909లో అఖిల్ చంద్ర సేన్ అనే ప్రయాణికుడు, తాను పక్కకు వెళ్లిన సమయంలో గార్డు విజిలు వేశాడని సాహిబ్‌గంజ్ అధికారికి రాసిన ఫిర్యాదును మన జనం నేటికీ నవ్వుకుంటూ చదువుతారు. ఆ విజిలు వేసిన గార్డుకు ఏ సౌకర్యం ఉండేదని మాత్రం ఎవరూ అడగరు. ఆవిరిపోయి డీజిలు వచ్చింది, డీజిలు పోయి కరెంటు వచ్చింది. ఇంజనులో మరుగుదొడ్డి పెట్టడం మాత్రం 2016లో మొదలైంది, అదీ కొన్నింటికే. 1980ల చివరలోనే సురేఖా యాదవ్ అసిస్టెంటు డ్రైవరుగా చేరినా, ఆడవాళ్లు ఈ ఉద్యోగంలోకి రావడానికి వెనకాడే కారణాల్లో ఇదొకటి.

డోర్నకల్ జంక్షన్:

అందరికీ ధన్యవాదాలు. డైనింగ్ కారు బేరర్ల గురించి ఎవరూ రాయలేదు కనుక దానికి వేరే చర్చ తెరుస్తాను. పాత గార్డు గారూ, లైన్ బాక్స్ ఇప్పుడూ ఉందా?

పాత గార్డు:

చాలాచోట్ల చక్రాల సంచి ఇస్తున్నారు, బాక్స్ పోర్టర్ల పని తగ్గిపోతోంది. 2022 జనవరి నుంచి మా హోదా పేరు ట్రైన్ మేనేజరు. బిళ్లలు, జెండాలు, చేతిదీపం సంచిలో అవే. వెనక్కి నడవవలసిన 1,200 మీటర్లూ అవే.